ముక్కు నొక్కితేగాని పేలదు

సెప్టెంబరు 14, 2006, గురువారం

పెనుగొండలో ఎస్టీడీ బూత్ మూసేశాక డైరీ రాయడం మానేశాను. ఊళ్లో ప్రతివాడి జేబులోనూ సెల్‌ఫోన్ మోగుతుంటే, అద్దాల గదిలో కూర్చుని ఈగలు తోలుకునేవాడికి రాసుకోవడానికి ఏముంటుంది? ఇవాళ ఉంది. ఇవాళ్టి నుంచి నేను మేకుల గన్ను నిపుణుణ్ణి.

మా ఆవిడ శ్రీదుర్గకు అన్నగారు, నాకు బావగారు అయిన బంగార్రాజు, రాజమండ్రిలో మోరంపూడి దగ్గర షెడ్డు వేసి చెక్క ప్యాలెట్లు చేయిస్తారు. టైల్స్ పెట్టెల కింద వేసి లారీకి ఎక్కించే బల్లలన్నమాట. ఇన్నాళ్లూ సుత్తులతో నడిచిన పని. ఇప్పుడాయన రెండు గన్నులూ, ఒక కంప్రెషరూ కొన్నారు. కంప్రెషర్ గాలిని గొట్టంలోకి తోస్తుంది, గన్ను ఆ గాలితో మేకును చెక్కలోకి దింపుతుంది. ఒక మేకుకు ఒకటే దెబ్బ. వాటిని చూసుకోవడానికి మనవాడంటూ ఒకడు కావాలన్నారు. మనవాళ్లలో ఖాళీగా ఉన్నది నేనొక్కణ్ణే. నా అర్హత అది.

విజయవాడ డీలరు దగ్గర రెండు రోజుల ట్రైనింగు. మొదటి రోజు బుద్ధిగా విన్నాను. రెండో రోజు మధ్యాహ్నం భోజనంలో గోంగూర మాంసం పెట్టారు. ఆ తర్వాత బోర్డు మీద ‘విప్పడం, శుభ్రం చేయడం, బిగించడం’ అని రాయడం చూశాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి టీ ఇస్తున్నారు. సర్టిఫికెట్ మాత్రం అందరితోపాటే ఇచ్చారు. శ్రీదుర్గ దాన్ని ఫ్రేము కట్టిస్తానంటోంది.

సెప్టెంబరు 20, బుధవారం

షెడ్డులో మొదటి ఉపన్యాసం. పెద్ద వడ్రంగి తాతాజీ, కుర్రాళ్లలో చురుకైన శాంతికుమార్, మరో నలుగురు. నన్ను ‘సార్’ అన్నారు. బూత్‌లో పదేళ్లు కూర్చున్నా ‘ఏమండీ, చిల్లర ఉందా’ అన్నవాళ్లే తప్ప సార్ అన్నవాడు లేడు. ఆ మాట చెవిలో పడ్డాక నా గొంతు దానంతటదే కాస్త లావైంది.

మీట మీద వేలు పెట్టుకుని నడవకూడదన్నాను. మేకు ఇరుక్కుంటే ముందు గాలి గొట్టం పీకి, ఆ తర్వాతే వేలు పెట్టాలన్నాను. కళ్లజోడు లేకుండా గన్ను ముట్టుకోవద్దన్నాను. పలక పట్టుకున్న చెయ్యి మేకుకు జానెడు దూరంలో ఉండాలని, చెక్కలో ముడి తగిలితే మేకు పక్కకు తిరుగుతుందని చెప్పాను. గన్నును మనిషివైపు గురిపెట్టకూడదని గట్టిగా చెప్పాను.

ఆ చెప్పిన నోటితోనే, గన్ను ఎదురుగా నా అరచెయ్యి పెట్టాను.

డీలరు దగ్గర ఎవరూ ఇది చెయ్యలేదు. ఇది నా సొంత కల్పన. గన్ను కొసన స్ప్రింగు మీద ఆడే ఇనప ముక్కు ఒకటుంటుంది. చెక్కకు ఆనించి నొక్కితే లోపలికి పోతుంది. అలా పోతేనే మీట పనిచేస్తుంది. గాల్లో ఎంత లాగినా ఏమీ కాదు. “చూడండి,” అని అరచేతికి ఎదురుగా పెట్టి మీట లాగాను. టిక్కుమంది, అంతే. “ముక్కు నొక్కితేగాని పేలదు!”

అందరూ నోళ్లు తెరిచారు. “మా ఆవిడ నోటికి కూడా ఇలాంటిదొకటి బిగించి పెట్టరాదేంటండి?” అన్నాడు తాతాజీ. శాంతికుమార్ అయితే, “ఆయ్, ఇంకోసారి చూపించండి సార్,” అన్నాడు. చూపించాను. లోపలికొచ్చిన లారీ డ్రైవరుకు కూడా చూపించాను.

సెప్టెంబరు 27, బుధవారం

ఇవాళ కూడా మూడుసార్లు చూపించాను. అడిగినవాళ్లు ఇద్దరే.

అక్టోబరు 2, సోమవారం, దసరా

షెడ్డులో ఆయుధ పూజ. సుత్తులు, రంపాలు, చిత్రికలు అన్నీ వరసగా పేర్చాం. నడుమన బల్ల మీద రెండు గన్నులు. వాటి అలంకారం నా బాధ్యత కాబట్టి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. గంధం చిక్కగా కలిపి, కొత్త పెళ్లికూతురికి పూసినట్టు ముక్కుల నిండా పట్టించి కుంకుమ అద్దాను. బంతిపూల దండలు వేశాను.

బావగారికి అది చాలలేదు. “లారీ కొన్నప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం కదా బావగారూ. మరి దీనికి?”

“దీనికి చక్రాల్లేవండి,” అన్నాను.

“చక్రాల్లేకపోతే ఏం? మేకుంది కదా. నిమ్మకాయని కొట్టండి.”

పంతులుగారు ఇది శాస్త్రంలో లేదన్నారు. “శాస్త్రం రాసినప్పుడు కంప్రెషర్ లేదు కదండి,” అన్నారు బావగారు. పంతులుగారు ఆలోచనలో పడ్డారు. ఆయన తేరుకునేలోపు నేను కంప్రెషర్ ఆన్ చేసి, నిమ్మకాయకు కుంకుమ పెట్టి, పలక మీద ఉంచి, ఒకటో నంబరు గన్నును ఆనించి నొక్కి, మీట లాగాను.

నిమ్మకాయ పేలింది. కాయలో సగం బావగారి పట్టు కండువా మీద, రసం పంతులుగారి కంట్లో, మిగిలింది గన్ను ముక్కులో. కళ్లజోడు పెట్టుకుని ఉన్నది నేనొక్కణ్ణే. నా ఉపన్యాసం నేనైనా విన్నందుకు సంతోషించాను. రెండో గన్నుకు వద్దులెండి అన్నారు పంతులుగారు, కన్ను కడుక్కుంటూ.

గన్ను తుడవబోతే బావగారు వద్దన్నారు. “పూజ చేసినదాన్ని అప్పుడే తుడిచేస్తారేంటండి? రేపటిదాకా అలాగే ఉండనివ్వండి.” ఉండనిచ్చాను.

అక్టోబరు 4, బుధవారం

నిన్న కూడా పండగ సెలవే. ఇవాళ అందరికన్నా ముందు షెడ్డు తెరిచాను. ఒకటో గన్ను ముక్కు లోపలే ఉండిపోయింది. గంధం, కుంకుమ, నిమ్మరసం కలిసి ఎండి గారలా పట్టేశాయి. కంప్రెషర్ వేసి, గాల్లో పెట్టి మీట లాగి చూశాను.

పేలింది. మేకు వెళ్లి ఎదురు గోడలో దిగింది.

అంటే ముక్కు నొక్కే ఉంది కాబట్టి, ఇక ఎప్పుడు మీట లాగినా పేలుతుంది. ఎవరి ఎదురుగా ఉన్నా పేలుతుంది. దీన్ని విప్పి కడగాలి. విప్పడం గోంగూర మాంసం తర్వాతి పాఠం. డీలరుకు ఫోన్ చేస్తే ట్రైనింగులో చెప్పాం కదండి అంటాడు. బావగారికి చెబితే పూజ వికటించిందా అంటారు, ఆ తర్వాత సర్టిఫికెట్ తెమ్మంటారు.

గోడలో మేకు పీకేశాను. కన్నంలో కాస్త సున్నం కూరాను. ఒకటో గన్నుకు ఇవాళ విశ్రాంతి అని వాళ్లకు చెప్పాను. యంత్రానికి విశ్రాంతేంటని ఎవరూ అడగలేదు. సార్ చెప్పారు కదా!

అక్టోబరు 5, గురువారం

రేపు చూస్తాను.

అక్టోబరు 6, శుక్రవారం

ఒక గన్నుతో పని సాగడం లేదని బావగారు సణుగుతున్నారు. వచ్చే శుక్రవారానికి లారీ లోడు ఇవ్వాలట. పూజకు తెచ్చిన నువ్వుల నూనె సీసాలో మిగిలి ఉంది. ముక్కు దగ్గర నాలుగు చుక్కలు వేసి, కర్రముక్కతో తట్టాను. బయటికొచ్చింది. నొక్కి వదిలాను, మళ్లీ వచ్చింది. మూడోసారి కాస్త ఆలోచించి వచ్చింది.

బాగైపోయింది. అనవసరంగా రెండు రోజులు నిద్ర పాడుచేసుకున్నాను.

అక్టోబరు 8, ఆదివారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది. కుడి అరచేతిలో మేకు దిగింది. తీశారు. ఎముకకు ఏం కాలేదు. శ్రీదుర్గ కాల్చింది.

అక్టోబరు 9, సోమవారం

శ్రీదుర్గ నిన్నటి నుంచి అన్నం తినలేదు.

అక్టోబరు 10, మంగళవారం

కట్టు అరచేతికే ఉంది. వేళ్లు బయటికున్నాయి. వాటి కొసలతో పెన్ను పట్టుకోవచ్చని ఇవాళ కనిపెట్టాను. కాబట్టి శనివారం జరిగింది రాస్తాను.

మధ్యాహ్నం శ్రీదుర్గ క్యారేజీ తెచ్చింది. మామూలుగా గేటు దగ్గర ఇచ్చేసి వెళ్లిపోతుంది. సార్‌ని సార్‌గా ఆవిడ ఎప్పుడూ చూడలేదు కదా అని నేనే లోపలికి రమ్మన్నాను. తాతాజీ, శాంతికుమార్ అన్నాలకు కూర్చున్నారు. బల్ల మీద ఉన్న గన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఒకటో నంబరే. బాగైపోయిందని ముందురోజే డైరీలో రాసుకున్నాను కదా, ఇక అనుమానమెందుకు?

“బరువుగా ఉందండి. మీరే పట్టుకోండి,” అంది.

“భయమేంటి? మీట లాగు. ఇదిగో, నా చెయ్యే అడ్డం పెడుతున్నాను. ముక్కు నొక్కితేగాని పేలదు.”

“వద్దండీ. నాకు చేతులు వణుకుతున్నాయి.”

“అయితే నా మాట మీద నమ్మకం లేదన్నమాట. వీళ్లందరికీ ఉంది, నీకు లేదు.”

శాంతికుమార్ ముద్ద చేతిలో పట్టుకుని నవ్వుతూ చూస్తున్నాడు. ఆవిడ సిగ్గుపడి, కళ్లు మూసుకుని లాగింది.

నేను అరవలేదని తాతాజీ అందరికీ గొప్పగా చెబుతున్నాడట. అరవాలని తోచకపోవడం వేరు, అరవకపోవడం వేరు. చెయ్యి వంక చూసి, ఈ మేకు ఇక్కడికెలా వచ్చిందబ్బా అనుకున్నాను. తర్వాత ఆస్పత్రి బల్ల మీద తెలివొచ్చింది.

ఆస్పత్రిలో బావగారు చెల్లెల్ని పట్టుకుని వాయించారు. “గన్ను ముట్టుకోమని నీకెవరు చెప్పారే? చెయ్యి వణికి, ముక్కు తీసుకెళ్లి ఆయన అరచేతికే నొక్కేసుంటావు. లేకపోతే ఎలా పేలుతుంది?”

మా ఆయనే ముట్టుకోమన్నారని శ్రీదుర్గ అనలేదు. నా వంక చూసింది. నేను ఎక్స్‌రే వంక చూశాను.

ఇంటికొచ్చాక మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. “నేనే ఆనించేసుంటానండి. కళ్లు మూసుకున్నాను కదా, నాకే తెలీలేదు.”

“పోనీలే, కావాలని చేశావా ఏంటి?” అన్నాను.

అంటే క్షమించాను. నేను, ఆవిణ్ణి!

అక్టోబరు 11, బుధవారం

రాజభోగంగా ఉంది. బత్తాయి రసం, వేళకు మాత్రలు, తల కింద రెండు దిండ్లు. అన్నం కలిపి శ్రీదుర్గే ముద్దలు పెడుతోంది. పెన్ను పట్టుకోగల వేళ్లు ముద్ద మాత్రం కలపలేవని ఇంట్లో చెప్పాను. ఈ డైరీ ఆవిడ గుడికి వెళ్లినప్పుడే తీస్తున్నాను.

ఒకటే లోటు. కూరల్లేవు. ఇక కత్తిపీట ముట్టుకోనని అనుకుందట. చేతిలోకి ఇనుము తీసుకుంటే ఆ చప్పుడే వినిపిస్తోందట. అందుకని రోజూ పప్పు, చారు. నాకు పెట్టాక తను ఇంత మజ్జిగ తాగి పడుకుంటోంది. ముద్ద పెట్టేటప్పుడు చూశాను, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. వారం కిందట అలా జారేవి కావు.

చెప్పాలి. కట్టు విప్పాక చెబుతాను. డాక్టరుగారు ఆదివారం విప్పుతామన్నారు, సోమవారం అన్నా ఆశ్చర్యం లేదు.

అక్టోబరు 12, గురువారం

సాయంత్రం షెడ్డు మూశాక శాంతికుమార్ చూడ్డానికొచ్చాడు. చేతిలో బత్తాయిలు. శ్రీదుర్గ కాఫీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరొచ్చినా అలాగే నిలబడుతోంది, తనను ఎవరేమంటారో వినడానికన్నట్టు.

“మీరు నూనె వేశాక ఒకటో నంబరు భలే స్పీడెక్కిందండి సార్,” అన్నాడు. “ఇదివరకు చెక్కకు ఆనించి నొక్కాల్సొచ్చేదా? ఇప్పుడు ఆ బాధ లేదండి. దగ్గర పెట్టి లాగితే దిగిపోతోందండి. ఇవాళ రెండో నంబరు వాళ్లకన్నా మేవే ఎక్కువ కొట్టాం.”

కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

“పలక ఎవరు పడుతున్నారు?”

“తాతాజీగారండి. నాకెదురుగానే. రేపు లారీ లోడింగు కదండి, పొద్దున్నే మొదలెట్టేస్తామండి.”

“మీట మీద వేలు...”

“అస్తమానం తీసి పెడితే పని సాగదండి,” అని నవ్వాడు. “ముక్కు నొక్కితేగాని పేలదని మీరే కదండి చెప్పారు!”

అప్పుడే చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా. గుమ్మంలో శ్రీదుర్గ ఉంది. “జాగ్రత్తగా వెళ్లు, దారిలో లారీలెక్కువ,” అన్నాను. వాడిది సైకిలు, వాడి ఇల్లు రెండు వీధుల అవతల.

వాడు వెళ్లాక బావగారికి ఫోన్ చేశాను. “లోడు ఎంతవరకూ వచ్చిందండి?” అని అడిగాను. చెయ్యి అలా ఉన్నా పని మీదే ధ్యాస ఉందని ఆయన మెచ్చుకున్నారు. మెచ్చుకున్న మనిషికి ఏం చెబుతాం? పెట్టేశాను.

తాతాజీ పొట్టివాడు. పలక పట్టుకుని వంగితే మొహం సరిగ్గా గన్ను ఎత్తుకు వస్తుంది. ఈ సంగతి ఇందాకటి నుంచి నాకు గుర్తొస్తూనే ఉంది. నాకు భయమేస్తోంది.

అక్టోబరు 13, శుక్రవారం

పొద్దున్న చొక్కా ఒక చెయ్యే తొడుక్కుని, షెడ్డు తెరిచే వేళకు అక్కడుండాలని ఆటో ఎక్కాను. మాత్ర వేసుకోండని శ్రీదుర్గ వెనకనుంచి పిలుస్తున్నా ఆగలేదు. మోరంపూడి జంక్షన్లో ఇసుక లారీ అడ్డం తిరిగింది. వెళ్లేసరికి కంప్రెషర్ హోరు రోడ్డు మీదికే వినిపిస్తోంది.

లోపల శాంతికుమార్ గన్ను ఎత్తి పట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు, వేలు మీట మీద. ఎదురుగా తాతాజీ పలక సర్దుతూ వంగి ఉన్నాడు. “ఆపండి!” అని అరిచాను. కంప్రెషర్ ముందు నా అరుపెంత? పరిగెత్తి, గన్నుకు గాలి గొట్టం కలిసే చోట ఉన్న కొక్కేన్ని ఎడమచేత్తో వెనక్కి లాగాను. గొట్టం ఊడి, బుస్సుమంటూ లేచి నా మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చింది. కూలబడ్డాను. ఉపన్యాసాలన్నిటిలోకీ ఇదొక్కటే కూర్చుని ఇచ్చాను.

ఎవరో కంప్రెషర్ ఆపారు. అందరూ చుట్టూ మూగారు. చెప్పేశాను. గంధం సంగతి, నిమ్మకాయ సంగతి, గోడలో మేకు సంగతి, నూనె సంగతి. ముక్కు లోపలే బిగుసుకుపోయి ఉందని కిందటి వారం బుధవారమే నాకు తెలుసని చెప్పాను. విప్పడం నాకు రాదని, ఆ పాఠంలో నిద్రపోయానని కూడా చెప్పాను.

శాంతికుమార్ గన్ను నెమ్మదిగా బల్ల మీద పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. తాతాజీ తన మొహం తడుముకున్నాడు.

“పొద్దుట్నుంచీ దీనికెదురుగానే ఉన్నాను కదండి,” అన్నాడు. ‘సార్’ అనలేదు.

బావగారు వంగి బల్ల మీది గన్ను ముక్కు వంక చూశారు. తర్వాత, “అంటే మన పూజే తప్పంటారా బావగారూ?” అన్నారు.

“పూజ తప్పు కాదండి. తెలిసీ ఊరుకున్నాను చూడండి, అదీ తప్పు.”

“రెండు గన్నులూ విజయవాడ పంపిస్తాను. వాటితోపాటు మీరూ వెళ్లండి. ఆ రెండో రోజు పాఠం మళ్లీ చెప్పించుకోండి. ఈసారి భోజనం ఇంటి నుంచి పట్టుకెళ్లండి.” ఆ తర్వాత వడ్రంగుల వైపు తిరిగారు. “సుత్తులు తియ్యండ్రా. లారీ సాయంత్రందాకా ఆగుతుందిలే.”

లేవబోతూ చూస్తే, గేటు దగ్గర శ్రీదుర్గ నిలబడి ఉంది. చేతిలో మాత్రల అట్ట. వేరే ఆటోలో వెనకే వచ్చిందట. ఎప్పటి నుంచి వింటోందో అడగలేదు. ఆవిడ మొహం చూశాక అడగక్కర్లేకపోయింది.

ఇంటికి ఒకే ఆటోలో వచ్చాం. జంక్షన్ దాటాక అడిగింది.

“బుధవారమే తెలుసాండి మీకు?”

“తెలుసు. నూనె వేశాక బాగైందనుకున్నాను.”

“మరి ఆస్పత్రిలో మా అన్నయ్య నన్ను తిడుతున్నప్పుడు?”

ఈసారి నా కట్టు వంక చూసుకున్నాను. మాత్రల అట్ట నా ఒళ్లో పడేసి బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంట్లోకి రాగానే కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. వంకాయలు తరిగింది. ఆ చప్పుడు వింటూ మంచం మీద కూర్చున్నాను, పడుకునే ధైర్యం లేక. కూర దించి, రెండు కంచాలు పెట్టి వడ్డించింది. అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

“మీ చెయ్యి మీరే కొట్టుకున్నారు. మీ ముద్ద మీరే కలుపుకోండి.”

కలుపుకున్నాను. వేళ్లు చక్కగా కదిలాయి. ఆవిడ ఆ వేళ్లనే చూసింది, పెద్దగా ఆశ్చర్యపోలేదు. తర్వాత తన కంచం దగ్గరికి లాక్కుని తినడం మొదలుపెట్టింది. కూర రెండుసార్లు వేసుకుంది. చారు పోసుకుంది. గిన్నె అడుగున మిగిలిన అన్నం ఊడ్చి వేసుకుని పెరుగు కలిపింది. నాకేమీ వడ్డించలేదు, నేనే వంగి పెరుగు వేసుకున్నాను. వారం తర్వాత ఆవిడ కడుపునిండా తింటుంటే చూడలేకపోయాను. ఇన్నాళ్లూ ఆవిడ తిండి తిన్నది నేను. ఏడుపొచ్చింది.

ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంటూ, “కూరలో కారం ఎక్కువైంది,” అన్నాను.

శ్రీదుర్గ నా కంచంలోకి చూసింది.

“పెరుగన్నమండి అది,” అంది.